తడోబా ‘కోర్ సఫారీ కన్ఫర్మ్’ ప్యాకేజీ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

సెలవుల్లో పిల్లల్ని తీసుకుని పులుల అడవి తడోబా పోదామనుకుంటున్నవాళ్లు ఏజెంటుకి అడ్వాన్స్ కొట్టే ముందు ఒక్కసారి ఆగండి. ‘కోర్ సఫారీ కన్ఫర్మ్, ఫుల్ జిప్సీ, పులి గ్యారంటీ’ అని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ప్యాకేజీల్లో ఒకటి మేం కొన్నాం. మొదటి సఫారీలో కోర్ (అడవి లోపలి భాగం) లేదు, రెండోదాంట్లో ఫుల్ జిప్సీ (సఫారీ జీపు మొత్తం మనకే) లేదు. పులి సంగతి తర్వాత చెప్తా.

ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి ఏజెంటు పేరు ఇక్కడ పెట్టడం లేదు. పెట్టినా పెద్ద ఉపయోగం ఉండదు, ఇలాంటివాళ్లు ఒక పేజీ మూసేసి ఇంకో పేరుతో తెరుస్తారు. ఎలా మోసం చేస్తున్నారో తెలిస్తే చాలు.

తడోబా మహారాష్ట్రలో, చంద్రపూర్ జిల్లాలో ఉంది. ఆసిఫాబాద్ దాటి కొంచెం ముందుకు పోతే చంద్రపూరే కాబట్టి మనవాళ్లు బాగా వెళ్తారు. 1955లో నేషనల్ పార్క్ అయింది, 1995లో పక్కనున్న అంధారి అభయారణ్యాన్ని కలిపి టైగర్ రిజర్వ్ చేశారు. లోపలి భాగం కోర్, సుమారు 625 చదరపు కిలోమీటర్లు. దాని చుట్టూ ఊళ్లు, పొలాలు కలిసిన అడవి బఫర్, అది 1,100 చదరపు కిలోమీటర్ల దాకా ఉంటుంది. రెండింటికీ గేట్లు వేరు, పర్మిట్లు వేరు. కోర్‌లోకి రోజుకి ఇన్ని బండ్లే అని లెక్క ఉంటుంది, శని ఆదివారాలవి ముందే అయిపోతాయి. అయిపోయాక కూడా ‘నా దగ్గర ఉన్నాయి’ అని ఎవరైనా అంటే అక్కడే అనుమానించాలి.

అసలు కిటుకు గేటు పేర్లలో ఉంది. కోలారా అనేది కోర్ గేటు. కోలారా-చౌరాదేవ్ అనేది బఫర్ గేటు. నవేగావ్ కోర్, నవేగావ్-రామ్‌దేగి బఫర్. మొహర్లీ కోర్ గేటుకి కాస్త ఇవతలే అగర్‌జరీ అని బఫర్ గేటు ఉంది, దాన్నీ ‘మొహర్లీ సఫారీ’ అనే అమ్ముతారు. మాకు పంపిన వోచర్‌లో ‘కోలారా సఫారీ, ఉదయం’ అని మాత్రమే ఉంది. పర్మిట్ కాపీ పంపమని మా ఆయన ఎన్నిసార్లు అడిగినా ‘ఒరిజినల్ గేటు దగ్గర మా కుర్రాడు ఇస్తాడు సార్, టెన్షన్ పడకండి’ అన్నాడు. తీరా అక్కడ కాగితం చేతికొచ్చాక చూస్తే కోలారా పక్కన చిన్న అక్షరాల్లో చౌరాదేవ్ అని ఉంది.

దానికి తోడు రూమేమో మొహర్లీ వైపు ఇచ్చాడు. మ్యాపులో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి గానీ మధ్యలో ఉన్నది కోర్ అడవి, మన కారులో అడ్డంగా పోనివ్వరు. చుట్టూ తిరిగి పోవాలి. తెల్లవారుజామున మూడింటికి నిద్ర కళ్లతో ఉన్న పిల్లల్ని దుప్పట్లతో సహా కారులో పడేసుకుని బయల్దేరాం. ఇది ఏ బ్రోచర్‌లోనూ రాయరు.

అక్కడి నుంచే ఏజెంటుకి ఫోన్ చేస్తే అతనన్న మాట ఇప్పటికీ మా ఇంట్లో సామెతలా వాడుకుంటున్నాం: ‘అంతా ఒకే అడవి మేడం, కోర్ ఏదో బఫర్ ఏదో పులికి తెలుసా?’ పులికి తెలియకపోవచ్చు బాబూ, నువ్వు కోర్ అని చెప్పి డబ్బు తీసుకున్నావు, నీకు తెలియాలి కదా!

బఫర్ పనికిరాదని నేననడం లేదు. మాకు పులి కనిపించింది బఫర్‌లోనే. వెదురు పొదల్లోంచి వచ్చి, మట్టి రోడ్డు వాసన చూసుకుంటూ, మా జిప్సీని అసలు లెక్కే చేయకుండా దాటిపోయింది. రేచుకుక్కలు కూడా కనిపించాయి. బఫర్ అని చెప్పి, బఫర్ రేటు తీసుకుని ఉంటే ఈ పోస్టు రాయాల్సిన పనే ఉండేది కాదు. ఏజెంటు మాత్రం దాన్నే పట్టుకుని ‘పులి చూశారుగా, ఇంకేం కావాలి’ అని రీఫండ్ మాట దాటేస్తున్నాడు.

రెండో సఫారీ మొహర్లీ కోర్‌లోనే, ఆ మాట నిజం. అక్కడ వేరే కథ. జిప్సీలో డ్రైవరు, గైడు కాక ఆరుగురు కూర్చోవచ్చు. మేం ఐదుగురం, బండి మొత్తానికి డబ్బు కట్టాం. గేటు దగ్గర కిటికీలో కూర్చున్నాయన మా ఆధార్ కార్డులు ఒక్కొక్కటీ తీసి పర్మిట్ మీద పేర్లతో పోల్చుతూ, పెన్నుతో టిక్కు పెట్టుకుంటూ వచ్చి మా అత్తయ్య కార్డు దగ్గర ఆగాడు. లిస్టులో ఆవిడ పేరు లేదు. మా నలుగురి పేర్లూ, కింద ఎవరో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఆ ఇద్దరూ మా వెనకాలే నిలబడి ఉన్నారు, నాగపూర్ నుంచి వచ్చిన భార్యాభర్తలు. పాపం వాళ్ల తప్పేం లేదు, వాళ్లూ ఇతనికే డబ్బు కట్టారు. అంటే మా బండిలో రెండు సీట్లు ఇంకోసారి అమ్ముకున్నాడన్నమాట.

పర్మిట్‌లో లేని మనిషిని లోపలికి పంపరు, అక్కడికక్కడ పేరు మార్చరు. ఆ ఉద్యోగి మీద మాకు కోపం లేదు, ఆయన రూలు ప్రకారం చేశాడు. ‘మీరు పిల్లల్ని తీసుకుని వెళ్లి రండమ్మా, నేను రూములో పడుకుంటా’ అని అత్తయ్యే సర్దిచెప్పింది. ఈ ట్రిప్పు పెట్టుకున్నదే ఆవిడ చూస్తానందని. సెల్‌ఫోన్లు లోపలికి తీసుకెళ్లనివ్వరు కాబట్టి గేటు దగ్గరే ఇచ్చేశాం, బయటికొచ్చేదాకా ఏజెంటుని తిట్టే వీలు కూడా లేకపోయింది.

ఇక ‘పులి గ్యారంటీ’ అన్న మాట. అడవి జంతువుకి ఎవడు గ్యారంటీ ఇస్తాడండీ? ఈ గ్యారంటీల వల్ల, టిప్పుల ఆశ వల్ల డ్రైవర్ల మీద ఎంత ఒత్తిడి ఉంటుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2024 డిసెంబర్ 31న నాగపూర్ దగ్గర ఉమ్రేడ్ అభయారణ్యంలో ఎఫ్2 అనే ఆడపులినీ, దాని ఐదు పిల్లల్నీ సఫారీ బండ్లు రెండు వైపులా అడ్డగించి నిలబడ్డాయి. ఆ వీడియో బయటికొచ్చాక బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ తనంతట తానే కేసు తీసుకుంది, డ్రైవర్లనీ గైడ్లనీ సస్పెండ్ చేశారు. గ్యారంటీ అమ్మిన ఏజెంటుకి మాత్రం ఏమీ కాదు, వాడు ఊళ్లో ఏసీ గదిలో కూర్చుని ఉంటాడు.

ఇంకో రెండు సంగతులు గుర్తుంచుకోండి. మంగళవారం కోర్‌లో సఫారీ ఉండదు. జూలై 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా వర్షాలకి కోర్ మూసేస్తారు, తెరిచి ఉండేది బఫరే. ఆగస్టు పదిహేను సెలవుకి ‘మాన్‌సూన్ కోర్ స్పెషల్’ అని ఎవరైనా పంపితే ఆ మెసేజ్ డిలీట్ చేసేయండి.

బుకింగ్ మహారాష్ట్ర అటవీశాఖ సైటులో మనమే చేసుకోవచ్చు. అడ్రసు చివర మహాఫారెస్ట్ డాట్ గవ్ డాట్ ఇన్ అని ఉందో లేదో చూడండి, తడోబా పేరుతో డాట్ కామ్, డాట్ ఇన్ సైట్లు కుప్పలుగా ఉన్నాయి, అవన్నీ ఏజెంట్లవే. చేతకాక ఏజెంటుకే ఇచ్చినా ఫరవాలేదు, నిజాయితీగా చేసేవాళ్లూ ఉన్నారు. కానీ గేటు పూర్తి పేరు, అది కోరా బఫరా, బండి మొత్తమా సీట్లా అన్నది మెసేజ్‌లో రాయించుకోండి, ఫోన్లో చెప్పింది చెల్లదు. రూము ఆ గేటుకి దగ్గరలో ఉందో లేదో చూసుకోండి. ఎవరిదో పర్సనల్ నంబరుకి ఫోన్‌పే చేయమంటే చేయకండి.

మాలాగే ఇరుక్కున్నవాళ్లు వోచరు, పర్మిట్, చాట్ స్క్రీన్‌షాట్లు మూడూ దాచుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. డబ్బు తీసుకుని మనిషే మాయమైతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి, ఆలస్యం చేసేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. ఇప్పటికే అడ్వాన్స్ కట్టి ఉంటే ఈ రోజే పర్మిట్ పీడీఎఫ్ అడగండి. ‘గేటు దగ్గర ఇస్తాం’ అన్నాడంటే రిజర్వ్ ఆఫీసుకి ఫోన్ చేసి మీ పేర్ల మీద ఆ తేదీకి బుకింగ్ ఉందో లేదో కనుక్కోండి, మిగతా డబ్బు మాత్రం అప్పటిదాకా కట్టకండి.