ఒక్క రోజులో ఎక్కి దిగాలంటే: భువనగిరా, అనంతగిరా?

ఆదివారం పూట కొండెక్కాలని హైదరాబాద్ వాళ్లకి మనసైతే ముందు నోట్లో ఆడే పేర్లు రెండే, అనంతగిరి, భువనగిరి. పచ్చదనం చూసి చాలామంది అనంతగిరికే బండి తిప్పుతారు. కానీ శిఖరం మీద నిలబడి నాలుగు దిక్కులూ చూడాలన్నదే మీ కోరికైతే, నేను భువనగిరికే పొమ్మంటాను.

కారణం అక్కడి బండరాయే. ఊరి పక్కనే 500 అడుగులకు పైగా లేచిన ఏకశిల అది. దాని మీద పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరో విక్రమాదిత్యుడు కట్టించిన కోట ఉంది. గుమ్మాలు దాటి పైకి పోయే కొద్దీ బండలోనే తొలిచిన మెట్లొస్తాయి. ఎందరి పాదాలో పడి నున్నగా అరిగిపోయాయి. ఆయాసం వస్తే పక్కనున్న ఇనుప కమ్మీ పట్టుకుని కాసేపు ఆగండి, సిగ్గుపడాల్సిన పని లేదు. దారిలో రాతి గుంటల్లో నిలిచిన వాన నీళ్లు కనిపిస్తాయి. పైన పాత మహలు గోడల దగ్గరికి చేరితే గాలి మొహానికి కొడుతుంది. కింద ఇళ్ల కప్పులు, చెరువు, పొలాలు, కాజీపేట వైపు పోయే రైలు పట్టాలు, కంటికి అడ్డమన్నదే ఉండదు. 2014లో 13 ఏళ్లకే ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ శిక్షణ మొదలైంది ఈ బండ మీదే. పిల్లల్ని తీసుకెళ్తే ఈ మాట తప్పకుండా చెప్పండి, వాళ్ల నడకే మారిపోతుంది.

అయితే పైన నీడ ఉండదు. పొద్దెక్కితే బండ కాలిపోతుంది, వాన పడితే కాలు జారుతుంది. దసరా దాటాక, శివరాత్రి లోపు, పొద్దున్నే వెళ్లడం మేలు. సికింద్రాబాద్‌లో రైలెక్కినా, వరంగల్ రోడ్డు పట్టినా సుమారు 50 కిలోమీటర్లే.

అనంతగిరి అందం వేరు. ఎర్రమట్టి బాట, చెట్ల నీడ, అనంత పద్మనాభస్వామి గుడి, మన మూసీ పుట్టిన చోటు. వానాకాలంలో దాన్ని మించింది లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే రెండో ఆలోచన లేకుండా అటే వెళ్లండి, కారు గుడి దాకా పోతుంది. కాకపోతే అది అడవిలో నడక. లోయ కనిపించే చోట్లున్నా, చుట్టూ ఒక్కసారి తిరిగి చూసే శిఖరం మాత్రం దొరకదు. దూరం కూడా ఎక్కువే, వికారాబాద్‌లో రైలు దిగాక మళ్లీ ఆటో చూసుకోవాలి.

రాచకొండ పేరు చెప్పేవాళ్లూ ఉన్నారు. రేచర్ల పద్మనాయకుల రాజధాని, జనసందడి తక్కువ, నాకు చాలా ఇష్టం. కానీ మొదటిసారి కొండెక్కేవాళ్లకి వద్దంటాను. దారి తెలిసినవాళ్లు తోడుండాలి, నీళ్లు, తిండి అన్నీ మోసుకుపోవాలి.

ఊరు దాటే తీరికే లేదంటారా, మౌలాలి గుట్ట ఉంది. మెట్లెక్కి దర్గా దగ్గరికి చేరితే నగరం చాలా దూరం దాకా కనిపిస్తుంది. దానికి ఒక్క పూట చాలు.