ఏసీటీహెచ్ జెల్ ఇంజెక్షన్: చాలాకాలం వాడాక తేలినవి

ఏసీటీహెచ్ స్టెరాయిడ్ కాదు కదా, ఇబ్బందులు తక్కువే అంటారు కొందరు. నమ్మకండి. పంది పిట్యూటరీ గ్రంథి నుంచి తీసిన ఈ హార్మోన్ మన మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథుల చేతే కార్టిసాల్ అనే స్టెరాయిడ్ తయారు చేయిస్తుంది. అంటే స్టెరాయిడ్ ఒంట్లోనే పుడుతుంది. నీరు పట్టడం, బీపీ, షుగర్ పెరగడం, పొటాషియం తగ్గడం, ఆకలి, చిరాకు అన్నీ వస్తాయి. కొందరికి చర్మం నల్లబడుతుంది కూడా.

మెదడు, వెన్నుపాములోని నరాలను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్ తిరగబెట్టినప్పుడు రోజుకు 80 నుంచి 120 యూనిట్లు, రెండు మూడు వారాలు ఇస్తారు. లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటిని దెబ్బతీసే జబ్బు), కీళ్లవాతం లాంటి వాటిలో మోతాదు మనిషిని బట్టి డాక్టరు నిర్ణయిస్తారు. స్టెరాయిడ్ మాత్రలతోనే జబ్బు అదుపులో ఉంటే దీనికి మారాల్సిన పని లేదని నా అభిప్రాయం. మాత్రలు పడనివాళ్లకు, స్టెరాయిడ్ ఎక్కించడానికి నరం దొరకనివాళ్లకు మాత్రం అక్కరకొస్తుంది.

అసలు చిక్కంతా జెల్‌తోనే. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. ఫ్రిజ్‌లోంచి తీయగానే అది సూదిలోకి రానంత చిక్కగా ఉంటుంది. సీసాను రెండు అరచేతుల మధ్య కొన్ని నిమిషాలు దొర్లించండి, లేదా చంకలో పెట్టుకోండి. వేడినీళ్లలో ముంచొద్దు, ఊపొద్దు. ఊపితే బుడగలు పట్టి కొలత తప్పుతుంది. రబ్బరు మూతను స్పిరిట్ దూదితో తుడిచి, తీయబోయే మందుకు సరిపడా గాలి మాత్రమే ఎక్కించండి. ఎక్కువైతే సీసాలో ఒత్తిడి పెరిగి మందు చిమ్ముతుంది. మందు తీయడానికి 20 గేజ్ సూది (గేజ్ అంకె పెరిగేకొద్దీ సూది సన్నం). ఆ తర్వాత సూది మార్చాలి: కండరంలోకైతే 23, చర్మం కిందికైతే 25. నరంలోకి ఎప్పుడూ ఎక్కించకూడదు. నిదానంగా నొక్కండి, జెల్‌ను తొందరపెడితే నొప్పి. తొడ, జబ్బ, చర్మం కిందికైతే పొట్ట కూడా మార్చి మార్చి పొడుచుకుంటే ఆ చోటు గట్టిబడదు.

యూనిట్ల దగ్గర జరిగే పొరపాటు మరీ ప్రమాదం. 1 ఎంఎల్‌లో 80 యూనిట్లు ఉంటాయి, 5 ఎంఎల్ సీసాలో 400. ఇన్సులిన్ సిరంజి మీద గీతలు 1 ఎంఎల్‌కు 100 లెక్కన ఉంటాయి. దాని మీద 80 గీత దాకా తీస్తే వచ్చేది 0.8 ఎంఎల్, అంటే 64 యూనిట్లే. కాబట్టి ఎంఎల్ గీతలున్న సిరంజే వాడండి.

నిద్ర పట్టకపోతే ఉదయం పూట వేసుకోవచ్చా అని డాక్టర్ను అడగండి. రోజూ ఒకే వేళకు బరువు, బీపీ రాసుకోండి. పుండు పడిన కడుపు, ఎముకల బలహీనత, గుండె వైఫల్యం, అదుపులో లేని బీపీ, స్క్లెరోడెర్మా (చర్మం గట్టిబడే జబ్బు), పంది ప్రోటీన్ అలర్జీ ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు. అడ్రినల్ గ్రంథులే పనిచేయనివాళ్లకూ ఇవ్వకూడదు. వాడుతుండగా బతికున్న క్రిములతో చేసిన టీకాలు వద్దు. జ్వరం రాకుండానే ఇన్ఫెక్షన్ ముదిరిపోవచ్చు, జాగ్రత్త. ఏళ్ల తరబడి వాడితే దీనికి వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టి పని తగ్గొచ్చు.

బాగుందని ఒక్కసారిగా ఆపేయొద్దు, మోతాదు తగ్గిస్తూ రావాలి. లేకపోతే నీరసం, కళ్లు తిరగడం, వికారం, బీపీ పడిపోవడం చూడాల్సి వస్తుంది. ఆపిన కొన్ని నెలల వరకూ ఆపరేషన్ పడినా, గట్టి జ్వరం వచ్చినా ఈ మందు వాడిన సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.