నాన్నగారి క్యాసెట్లు, మా ఇంటి షేర్డ్ ఫోల్డర్: ఏడేళ్ళ వాడకం తర్వాత

చెన్నైలోని వేళచేరిలో మా ఇల్లు. నాన్నగారు నెల్లూరు నుంచి మా దగ్గరికి వచ్చేసినప్పుడు రెండు ట్రంకు పెట్టెల నిండా క్యాసెట్లు తెచ్చుకున్నారు. ఏటా డిసెంబరులో మద్రాసు వచ్చి విన్న కచేరీలు, రేడియో పక్కన కూర్చుని పట్టుకున్న పాటలు అన్నీ వాటిలోనే ఉన్నాయి. ఆ క్యాసెట్లను ఒక్కొక్కటిగా కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఆయన దినచర్య అయింది. గంట నిడివి గల క్యాసెట్‌ను సీడీ నాణ్యతలో, కుదించకుండా దాచుకుంటే సుమారు 635 మెగాబైట్లు అవుతుంది. ఆయన ల్యాప్‌టాప్ నాలుగు నెలల్లో నిండిపోవడంతో, ఇంట్లో అందరికీ అందేలా ఒక షేర్డ్ ఫోల్డర్ పెట్టక తప్పలేదు. అది 2018 సంగతి. మొదటి రెండేళ్ళు హాల్లోని విండోస్ డెస్క్‌టాప్ మీద, 2020 నుంచి రాస్ప్‌బెర్రీ పై 4 అనే ఒక చిన్న కంప్యూటర్‌కు తగిలించిన డిస్కు మీద ఆ ఫోల్డర్ నడుస్తోంది. ఈ ఏడేళ్ళలో అది నాకు ఎంత ఉపయోగపడిందో, ఎన్ని విధాలుగా మొండికేసిందో ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఏర్పాటు మంచిదే, కానీ అది చూపే ఎర్రర్ సందేశాలు మాత్రం నమ్మదగ్గవి కావు. «మీకు అనుమతి లేదు» అని యంత్రం చెప్పగానే మనం ఫోల్డర్ మీద కుడి బటన్ నొక్కి అనుమతుల పట్టికలోకి వెళ్తాం. నా అనుభవంలో తప్పు అక్కడ ఉన్నది చాలా అరుదు. ఎక్కువసార్లు అవతలి యంత్రం దాకా మనం అసలు చేరనే లేదు, చేరినా ఎవరి పేరుతో తలుపు తట్టామో మనకే తెలియదు.

నేను మొదలుపెట్టిన ఏడాదే, 2018 వసంతంలో వచ్చిన విండోస్ 10 తాజాకరణలో (1803 వెర్షన్) మైక్రోసాఫ్ట్ హోమ్‌గ్రూప్ సౌకర్యాన్ని తొలగించింది. అప్పటివరకు ఇంటికంతటికీ ఒకే పాస్‌వర్డ్ ఉండేది, వాడేవారి పేర్ల గొడవ ఉండేది కాదు. అది పోయాక పాత పద్ధతే మిగిలింది: ఫోల్డర్ ఉన్న యంత్రంలో ఖాతా ఉన్న వ్యక్తి మాత్రమే లోపలికి రాగలడు. ఈ ఒక్క వాక్యం నాకు ఒంటబట్టడానికి దాదాపు ఏడాది పట్టింది.

జరిగేది ఇది. నాన్నగారి ల్యాప్‌టాప్ నుంచి డెస్క్‌టాప్ ఫోల్డర్ మీద నొక్కినప్పుడు, విండోస్ ఆయనను ఏమీ అడగకుండానే, ఆయన ఆ క్షణంలో ఏ పేరుతో లాగిన్ అయి ఉన్నారో ఆ పేరునూ దాని పాస్‌వర్డ్ ఆధారాన్నీ అవతలికి పంపి చూస్తుంది. అదే పేరు, అదే పాస్‌వర్డ్ అక్కడా ఉంటే తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంటుంది. పేరు ఒకటే అయి పాస్‌వర్డ్ వేరైతే తిరస్కారం ఎదురవుతుంది. అప్పుడు వచ్చే చిన్న పెట్టెలో నాన్నగారు రోజూ ల్యాప్‌టాప్ తెరవడానికి నొక్కే నాలుగంకెల పిన్ కొట్టేవారు, అది తప్పని యంత్రం చెప్పేది. «పొద్దున ఇదే కొడితే తెరుచుకుందిగదరా» అని ఆయన అనేవారు. ఆయన మాట నిజమే. కానీ పిన్ ఆ ఒక్క యంత్రానికే చెందినది, అది నెట్‌వర్క్ దాటి వెళ్ళదు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యే యంత్రాలలో ఈ తికమక మరీ ఎక్కువ, ఎందుకంటే పిన్‌కు అలవాటు పడ్డాక అసలు పాస్‌వర్డ్ ఏమిటో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. పాస్‌వర్డ్ లేని ఖాతాతో ప్రయత్నించినా పని కాదు, అలాంటి ఖాతాలను విండోస్ నెట్‌వర్క్ ద్వారా రానివ్వదు.

ఆ రోజుల్లో నేను చేసిన పెద్ద పొరపాటు, దొరికిన ప్రతి సలహానూ పాటించడం. ఫోల్డర్‌కు «ఎవ్రీవన్» పేరిట పూర్తి అధికారం ఇచ్చాను, ఫైర్‌వాల్ ఆపేశాను, పాస్‌వర్డ్ రక్షణ తీసేశాను. ఫోల్డర్ తెరుచుకుంది, వారం తర్వాత మళ్ళీ మూసుకుంది. «ఎవ్రీవన్» అంటే దారిన పోయే ప్రతివాడూ కాదు, ఆ యంత్రం ముందుగా గుర్తించిన ప్రతివారూ అని అర్థం. గుర్తింపు దగ్గరే ఆగిపోయినవారికి ఆ అధికారం అక్కరకు రాదు. పైగా అనుమతులు రెండు జల్లెడలు: షేరింగ్ ట్యాబ్‌లో ఒకటి, సెక్యూరిటీ ట్యాబ్‌లో మరొకటి. ఆ రెండింటిలో ఏది సన్నదైతే అదే చెల్లుతుంది. ఒకటి ఎంత వెడల్పు చేసినా రెండోది పట్టేస్తుంది.

చివరకు పని చేసిన మందు చాలా చిన్నది. డెస్క్‌టాప్‌లో «ఇల్లు» అనే అర్థం వచ్చే పేరుతో ఒక స్థానిక ఖాతా తెరిచి, దానికి పొడవైన పాస్‌వర్డ్ ఒకటి పెట్టి, ఫోల్డర్ అధికారం ఆ ఒక్క ఖాతాకే ఇచ్చాను. మిగతా యంత్రాలన్నింటిలో, విండోస్ పాస్‌వర్డ్‌లు దాచుకునే క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఆ పేరూ పాస్‌వర్డ్ ఒక్కసారి రాసి పెట్టాను. నెట్‌వర్క్ డ్రైవ్‌గా తగిలించేటప్పుడు «వేరే వివరాలతో కనెక్ట్ అవ్వండి» అనే గడిని గుర్తు పెట్టడం మరిచిపోకూడదు. ఇందులో ఒక మెలిక ఉంది. ఒక యంత్రానికి ఒకేసారి రెండు పేర్లతో వెళ్ళడాన్ని విండోస్ ఒప్పుకోదు, 1219 సంఖ్యతో తప్పు చూపుతుంది. మొదట తెలియక తప్పు పేరుతో వెళ్ళి ఉంటే, ఆ పాత బంధం నెట్ యూజ్ ఆదేశంతో తెంచాలి, లేదా లాగౌట్ అయి రావాలి. మూడు రాత్రులు నన్ను కూర్చోబెట్టిన సమస్య ఇదే, పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నా పాత పేరే వెళ్తోందని నాకు తట్టలేదు.

ఇంటి వైఫై కథ వేరు. ఫైబర్ కనెక్షన్ ఇచ్చినవారు గోడకు ఒక పెట్టె బిగించి వెళ్ళారు, దానికి నేను నా రౌటర్ తగిలించాను. ఫోల్డర్ ఉన్న యంత్రం నా రౌటర్ కిందకు, నాన్నగారి గదిలోని ల్యాప్‌టాప్ గోడ పెట్టె వైఫై కిందకు వచ్చాయి. ఒకదాని చిరునామా 192.168.0తో, మరొకదానిది 192.168.1తో మొదలవుతోంది. అంటే ఒకే ఇంట్లో రెండు వీధులు వెలిశాయి. లోపలి వీధి నుంచి బయటి వీధికి దారి ఉంటుంది, బయటి నుంచి లోపలికి ఉండదు. అందుకే నా గది నుంచి ఆయన యంత్రం అందేది, ఆయన గది నుంచి ఫోల్డర్ అందేది కాదు. ఇంటర్నెట్ రెండు చోట్లా బాగానే వస్తుండటంతో అనుమానం అటు పోలేదు. రౌటర్‌ను, సొంత చిరునామాలు పంచకుండా వైఫై మాత్రం అందించే యాక్సెస్ పాయింట్ పద్ధతికి మార్చగానే రెండు వీధులూ ఒకటయ్యాయి. చుట్టాల కోసం పెట్టే గెస్ట్ వైఫైలోనూ ఇదే చిక్కు, అక్కడ పరికరాలను ఒకదానికొకటి కనబడకుండా దూరం పెడతారు. అది లోపం కాదు, కావాలని చేసిన ఏర్పాటు. రౌటర్ మార్చిన ప్రతిసారీ విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్‌గా లెక్కించి «పబ్లిక్» అని ముద్ర వేస్తుంది, దాన్ని «ప్రైవేట్»గా మార్చేవరకు ఫైర్‌వాల్ ఫోల్డర్‌ను దాచే ఉంచుతుంది.

ఇక 2020లో రాస్ప్‌బెర్రీ పై కొనడానికి కారణం డెస్క్‌టాప్ నిద్ర. ఎవరూ ముట్టుకోకపోతే అది నిద్రపోయేది, ఫోల్డర్ మాయమయ్యేది. నిద్ర మాన్పిస్తే కరెంటు బిల్లు పెరిగింది. ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్‌కు వెళ్ళి రాస్ప్‌బెర్రీ పై, నెట్‌వర్క్ స్విచ్, డిస్కు డబ్బా, కొలిచి కోయించిన లాన్ కేబుల్ తెచ్చాను. మౌంట్ రోడ్డు పక్కన ఆ సందుల్లో ఆదివారం పూట తెరిచిన కొట్టు కోసం తిరగవద్దని మాత్రం సలహా ఇస్తాను. ఆ కేబుల్‌లో ఒక జత తీగ సరిగా పడలేదని నాకు తెలిసింది ఆరు నెలల తర్వాత. సెకనుకు వంద మెగాబైట్ల పైన కదలాల్సిన ఫైళ్ళు పదకొండు దగ్గర ఆగిపోతున్నాయి. గిగాబిట్ వేగానికి ఎనిమిది తీగలూ కావాలి, నాలుగే పని చేస్తే కనెక్షన్ మారుమాట్లాడకుండా వంద మెగాబిట్లకు (ఎనిమిది బిట్లు ఒక బైటు) దిగిపోతుంది. ఆరు సెకన్లలో వెళ్ళాల్సిన క్యాసెట్ నిమిషం తీసుకునేది. సాఫ్ట్‌వేర్‌లో ఎంత వెతికినా ఏం లాభం?

రాస్ప్‌బెర్రీ పై మీద నడిచే సాంబా అనే ప్రోగ్రామ్‌ను ఆస్ట్రేలియాకు చెందిన ఆండ్రూ ట్రిడ్జెల్ 1990ల తొలినాళ్ళలో మొదలుపెట్టారు. ఫైళ్ళు పంచుకోవడానికి విండోస్ మాట్లాడే ఎస్‌ఎంబీ భాషనే ఇది, పైని నడిపే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద మాట్లాడుతుంది. ఏళ్ళ తరబడి వాడాక దీని మీద నాకు గౌరవం పెరిగింది, దాని వింతలు కూడా తెలిశాయి. సాంబా పాస్‌వర్డ్ వేరు, లినక్స్ పాస్‌వర్డ్ వేరు. లినక్స్‌లో ఖాతా తెరిచి ఊరుకుంటే చాలదు, సాంబా పాస్‌వర్డ్ ఆదేశంతో ఆ ఖాతాను మళ్ళీ నమోదు చేయాలి. రెండో వింత డిస్కు ఎక్కడ తగిలి ఉందన్నది. లినక్స్ దానంతట అది తగిలించిన యూఎస్‌బీ డిస్కు, మీడియా అనే డైరెక్టరీలో లాగిన్ అయిన వ్యక్తి పేరిట ఉంటుంది, ఆ గడప ఇతరులు దాటలేరు. లోపలి ఫోల్డర్‌కు ఎన్ని అధికారాలు ఇచ్చినా, దారిలోని ఏ ఒక్క గడప దగ్గర ఆపినా ఫలితం «అనుమతి లేదు» అనే మాటే. డిస్కును వేరే చోట స్థిరంగా తగిలించాక ఆ బాధ తీరింది.

విండోస్ నెట్‌వర్క్ కిటికీలో పై పేరు కనబడకపోవడం మూడో వింత. పాత ఎస్‌ఎంబీ 1 పద్ధతి పోయాక, పేర్లు చాటే పని మరో ప్రొటోకాల్‌కు వెళ్ళింది, సాంబా ఒక్కటే దాన్ని చేయదు. డబ్ల్యూఎస్‌డీడీ అనే చిన్న సహాయక ప్రోగ్రామ్ పెట్టుకుంటే పేరు కనబడుతుంది. నేను మాత్రం ఆ కిటికీని నమ్మడమే మానేశాను. అక్కడ కనబడనంత మాత్రాన ఫోల్డర్ లేనట్టు కాదు, కనబడినంత మాత్రాన తెరుచుకుంటుందని కూడా కాదు. రౌటర్‌లో రాస్ప్‌బెర్రీ పైకి శాశ్వత చిరునామా కేటాయించి, ఆ అంకెలతోనే డ్రైవ్ తగిలించాను. 0ఎక్స్80070035 అనే తప్పు (నెట్‌వర్క్ దారి దొరకలేదని అర్థం) ఎదురైనప్పుడు నేను మొదట చేసేది ఆ చిరునామాలోని 445వ పోర్టు (ఎస్‌ఎంబీ వచ్చిపోయే ద్వారం) పలుకుతోందా అని పవర్‌షెల్ అనే ఆదేశాల కిటికీలో చూడటం. పలకకపోతే దారిలోనో, నిద్రపోయిన యంత్రంలోనో తప్పు. పలికితే పేరు, పాస్‌వర్డ్ చూస్తాను. అనుమతుల పట్టిక తెరిచేది ఆ తర్వాతే.

ఏడేళ్ళలో నిజంగా భయపెట్టిన రోజు మాత్రం 2023 డిసెంబరులోనిది. చెన్నైని ముంచి, ఆపైన బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం తుఫానుకు మా వీధిలో కొన్ని రోజులు కరెంటు లేదు. కరెంటు వచ్చాక పై లేచింది, ఫోల్డర్ తెరుచుకుంది, లోపల మాత్రం ఏమీ లేదు. నాన్నగారు నోట మాట లేకుండా కూర్చున్నారు. నిజానికి క్యాసెట్లన్నీ భద్రంగా ఉన్నాయి, డిస్కు మాత్రం తగులుకోలేదు. డిస్కు లేకపోయినా దాన్ని తగిలించే ఖాళీ డైరెక్టరీ అక్కడే ఉంటుంది కనుక సాంబా దాన్నే నిజాయితీగా చూపించింది. ఇంకా పెద్ద ప్రమాదం ఏమిటంటే, ఆ పూట మా అమ్మాయి దాచిన ప్రాజెక్టు ఫైళ్ళు పైలోని మెమరీ కార్డు మీదకు వెళ్ళాయి. డిస్కు తగులుకోగానే అవి దాని వెనక మరుగునపడ్డాయి. మర్నాడు వాటిని వెతికి తీశాక ఒక మార్పు చేశాను. డిస్కు మూలాన్ని కాకుండా, డిస్కు మీద మాత్రమే ఉండే ఒక లోపలి ఫోల్డర్‌ను షేర్ చేశాను. ఇప్పుడు డిస్కు తగలకపోతే ఫోల్డర్ తెరుచుకోదు, తప్పు చూపిస్తుంది. ఖాళీగా కనబడటం కన్నా అది వెయ్యి రెట్లు నయం. రాస్ప్‌బెర్రీ పైకి, రౌటర్‌కు కలిపి ఒక చిన్న యూపీఎస్ కూడా కొన్నాను.

ఆ తర్వాతి అలజడి విండోస్ 11లో వచ్చింది. ఆ సరికి నాన్నగారి సౌకర్యం కోసం పాటల ఫోల్డర్ ఒక్కటి మాత్రం పాస్‌వర్డ్ అడగకుండా, అతిథిగా తెరుచుకునేలా పెట్టాను. ఆయన కొత్త ల్యాప్‌టాప్‌లో ఉన్నది ప్రో ఎడిషన్. 2024 చివర్లో విడుదలైన 24హెచ్2 తాజాకరణ పడ్డాక అది మూసుకుపోయింది. మీ సంస్థ భద్రతా విధానాలు అతిథి ప్రవేశాన్ని అడ్డుకుంటున్నాయి అన్న భావం గల సందేశం వచ్చింది. «నేను రిటైరై పన్నెండేళ్ళయింది, నాకింకా సంస్థ ఏమిట్రా?» అని నాన్నగారు నవ్వారు. సంస్థ ఏదీ లేదు, ప్రో ఎడిషన్‌లో అతిథి ప్రవేశాన్ని ఎవరూ అడగకుండానే మూసి ఉంచడం, ప్రతి సందేశానికీ డిజిటల్ సంతకం కోరడం ఆ తాజాకరణతో మొదలయ్యాయి. ఆ రెండింటినీ వెనక్కు తిప్పే దారులున్నాయి కానీ నేను తిప్పలేదు. ఆ ఫోల్డర్‌కూ పేరు, పాస్‌వర్డ్ పెట్టి, ఒక్కసారి గుర్తుంచుకునేలా చేశాను. పై 4 ప్రాసెసర్‌లో, ఆ సంతకాలకు వాడే ఏఈఎస్ లెక్కలకు ప్రత్యేక ఆదేశాలు లేవు కనుక సంతకాల భారం వల్ల వేగం కొంత తగ్గింది, పాటలు వినడానికి అది తెలియదు.

ఈ ఏర్పాటు వల్ల కానివి రెండున్నాయి. హాల్లోని పాత టీవీకి ఎస్‌ఎంబీ 1 తప్ప మరొకటి రాదు. 2017 మేలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది ఆ పద్ధతిలోని లోపం గుండానే. అదే ఏడాది చివరి నుంచి విండోస్ దాన్ని కొత్త యంత్రాలలో పెట్టడం మానేసింది, సాంబా కూడా 2019లో దాన్ని ఆపేసింది. టీవీ కోసం దాన్ని తిరిగి లేపడం నాకు ఇష్టం లేదు, టీవీలకు పాటలు, వీడియోలు అందించే, చదవడానికి మాత్రమే వీలుండే డీఎల్‌ఎన్‌ఏ సర్వర్ పెట్టి సరిపెట్టాను. రెండోది మా ఆవిడ ఆఫీసు ల్యాప్‌టాప్. ఆఫీసు నెట్‌వర్క్‌లోకి తీసుకెళ్ళే వీపీఎన్ వేయగానే అది ఇంటి నెట్‌వర్క్‌ను పూర్తిగా మరిచిపోతుంది. వాళ్ళ ఆఫీసు నియమం అది, మనం మార్చేది కాదు. ఆమె సాయంత్రం వీపీఎన్ ఆపాకే ఫోటోలు ఎక్కిస్తుంది.

ఇప్పటికి మొదటి ట్రంకు పెట్టె పూర్తయింది, రెండోది సగానికి వచ్చింది. నెలకొకసారి ఫోల్డర్ మొత్తాన్ని వేరే డిస్కులోకి తీసి నెల్లూరులో చెల్లెలి ఇంటి బీరువాలో పెట్టిస్తున్నాను. పోయిన నెల ఆ పని చేసేటప్పుడు ఫోల్డర్ మళ్ళీ తెరుచుకోలేదు. 445వ పోర్టు పలకలేదు. చూస్తే నెట్‌వర్క్ స్విచ్ ప్లగ్ ఊడి ఉంది, పనిమనిషి ఫ్యాన్ పెట్టుకోవడానికి తీసిందట.