మెదడు గాయం తర్వాత పనిలోకి: ముందు శిక్షణా, ముందు ఉద్యోగమా?

మెదడుకు గాయమై కోలుకుంటున్నవారిని తిరిగి పనిలో నిలబెట్టడానికి అమెరికాలో రెండు దారులున్నాయి. మొదటిది ముందు శిక్షణ ఇచ్చే షెల్టర్డ్ వర్క్‌షాప్, అంటే వికలాంగుల కోసమే విడిగా నడిపే పనిచోటు: సామాన్లు వేరుచేయడం, ప్యాకింగ్ వంటి పనులు అక్కడ పర్యవేక్షణలో, తొందర లేకుండా సాగుతాయి. అయితే 1938 నాటి కార్మిక చట్టంలోని సెక్షన్ 14(సి) కింద అనుమతి పొందిన సంస్థ కనీస వేతనం కన్నా తక్కువ చెల్లించవచ్చు. కొన్ని రాష్ట్రాలు దీన్ని నిషేధించాయి.

రెండవది, 1986 నాటి పునరావాస చట్ట సవరణలలో చోటు పొందిన సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్. ఇందులో ముందు మామూలు సంస్థలో జీతానికి చేర్చి, ఆ తర్వాత జాబ్ కోచ్ అక్కడే పక్కనుండి పని నేర్పుతారు. గోదాములో సరుకు సర్దే వ్యక్తి ప్రతిసారీ మధ్యలో తర్వాతి పనేమిటో మరచిపోతుంటే, కోచ్ ఆ పనిని చిన్న చిన్న అంచెలుగా విడగొట్టి, ఆ జాబితాను అరకే అంటించి, ఫోన్‌లో అలారం పెట్టించి, అలవాటు కుదిరేకొద్దీ తాము క్రమంగా తప్పుకుంటారు. తోటి ఉద్యోగులతో మాట్లాడి, పైకి కనిపించని అలసటనూ చిరాకునూ వివరించడం కూడా కోచ్ బాధ్యతే, అదీ ఆ వ్యక్తి ఒప్పుకుంటేనే.

ఒకచోట నేర్చినదాన్ని మరోచోట అన్వయించుకోవడమే వీరిలో చాలామందికి కష్టం గనుక, రెండవ దారే మేలని నా అభిప్రాయం. కోచ్‌ను మరీ ముందుగా ఉపసంహరించుకుంటే మాత్రం దానికీ ఫలితం దక్కదు.