పాలస్తీనా ఇళ్లలో బస, బళ్లలో పని: వెళ్లాలనుకునేవాళ్ల కోసం

ఇజ్రాయెల్ సైన్యం అదుపులో ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్‌కు వాలంటీర్‌గా వెళ్తానంటే అందరూ ముందు అడిగేది ఎక్కడ ఉండాలనే. హోటల్ వద్దు, ఎవరింట్లోనైనా ఉండండి. నేను 2019లో ఆలివ్ కోతల కాలంలో వెళ్లాను. బెత్లెహేం పక్కనున్న బేత్ సాహూర్‌లో ఒక కుటుంబంతో, తర్వాత నాబ్లుస్‌లో మరో కుటుంబంతో ఉన్నాను. మధ్యలో రమల్లాలో ఒక హాస్టల్‌లో దిగాను. గది శుభ్రంగా ఉంది, వైఫై బాగుంది, కానీ అక్కడ కనిపించేదంతా మనలాంటి బయటివాళ్లే, వాళ్లతో కబుర్లు చెప్పుకోవడానికి అంత దూరం పోనక్కర్లేదు.

బేత్ సాహూర్ ఇంట్లో నాకు మొదట తెలిసొచ్చింది నీళ్ల సంగతి. ఆ చుట్టుపక్కల ఏ మేడ చూసినా నల్ల ట్యాంకులే. పైపులో నీళ్లు ఎప్పుడొస్తాయో గ్యారంటీ లేదు, ఎండాకాలంలో వారాల తరబడి రాకపోవచ్చు, అందుకని వచ్చిన రోజే ఆ ట్యాంకులు నింపుకోవాలి. నీళ్లొచ్చాయని తెలియగానే ఇంటావిడ చేతిలో పని వదిలేసి వాషింగ్ మెషీన్ వేసేది, బియ్యం కడిగిన నీళ్లు పుదీనా కుండీలకు పోసేది. ఎదురుగా కొండ మీదున్న ఇజ్రాయెలీ సెటిల్‌మెంట్ (పాలస్తీనా నేల మీద ఇజ్రాయెలీలు కట్టుకున్న కాలనీ) ఇళ్ల మీద అలాంటి ట్యాంకులు లేవు, వాళ్లకు వాటి అవసరమే లేదు. ఆ తేడా చూశాక బకెట్ నీళ్లతోనే స్నానం ముగించేదాన్ని, మీరూ అలాగే చేయండి.

తిండికి మాత్రం లోటు లేదు. పొద్దున రొట్టె, జైతూన్ నూనె, ఎండు ఆకులూ నువ్వులూ కలిపిన జాతర్ పొడి, లబ్నె అనే గట్టి పెరుగు. శుక్రవారం సెలవు కాబట్టి చుట్టాలంతా చేరితే మక్లూబా చేస్తారు, అన్నం, వంకాయ, మాంసం వండిన గిన్నెను పళ్లెంలో బోర్లించేటప్పుడు పిల్లలంతా చుట్టూ మూగుతారు. శాకాహారులకూ ఇబ్బంది లేదు, మసూర్ పప్పూ అన్నం కలిపి వేయించిన ఉల్లిపాయలు చల్లే ముజద్దరా నాకు అన్నిటికంటే నచ్చింది. నాబ్లుస్ పాత బజారులో కునాఫె అనే చీజ్ మిఠాయి వేడివేడిగా తినకుండా రావద్దు.

ప్రయాణానికి సర్వీస్ అనే పసుపుపచ్చ వ్యాన్‌లే దిక్కు. మన షేర్ ఆటోల్లాగే సీట్లు నిండితే బయల్దేరతాయి, రేటు ఒకటే, బేరం ఉండదు. వెనక సీటు నుంచి ఇచ్చిన డబ్బులు చేతులు మారుతూ డ్రైవర్‌కు చేరి, చిల్లర అదే దారిలో పైసా తేడా లేకుండా తిరిగొస్తుంది. వాళ్ల సర్వీసు మీద నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. అసలు సమస్య రోడ్డుది. బెత్లెహేం నుంచి రమల్లాకు జెరూసలేం మీదుగా వెళ్తే దగ్గర, కానీ ఇజ్రాయెల్ ఇచ్చే పర్మిట్ లేని పాలస్తీనీయులు అటు పోలేరు, వాదీ అన్నార్ లోయలో వంకరదారి పట్టుకుని కంటైనర్ అనే చెక్‌పాయింట్ దాటాలి. సైనికులు దాన్ని మూసేస్తే అక్కడే కూర్చోవాలి. పక్క సీట్లో కాలేజీ అమ్మాయి పరీక్ష టైమ్ చూసుకుంటూ ఫోన్ తిప్పుతుంటే నాకే టెన్షన్ పట్టుకుంది.

హెబ్రోన్‌కు వెళ్లేవాళ్లు మధ్యాహ్నం టూర్ మాత్రమే చేసి వచ్చేయకండి, పొద్దున బడి వేళకు వెళ్లండి. 1997 ఒప్పందంతో ఊరిని రెండుగా విడదీశారు, ఇజ్రాయెల్ సైన్యం చేతిలో ఉన్న హెచ్2 భాగంలో పిల్లలు బడికి పోవాలంటే తిరిగే ఇనప గేట్లు దాటాలి. ఒక చిన్నవాడు గేటు దాటి, బ్యాగు తెరిచి చూపించి, మళ్లీ జిప్ పెట్టుకుని బడివైపు పరిగెత్తాడు, అదేమీ పెద్ద విషయం కానట్టు.

నేను పనిచేసింది నాబ్లుస్‌లో ఒక ఆడపిల్లల బడిలో. అక్కడ ఇంగ్లీషు ఒకటో తరగతి నుంచే ఉంది, గ్రామర్‌లో పిల్లలు గట్టివాళ్లు, బయటివాళ్లతో మాట్లాడే అవకాశమే తక్కువ. నేను తీసుకెళ్లిన ఆటల కార్డులన్నీ టీచరమ్మ చూసి పక్కన పెట్టి, ఇద్దరిద్దరిని పంపుతాను, ఊరికే మాట్లాడించండి చాలన్నారు. అదే సరైన పని. 12వ తరగతి చివర తౌజీహి పరీక్ష వాళ్ల పై చదువును తేలుస్తుంది కాబట్టి టీచర్ల సమయం మన సరదాలకు వాడకూడదు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి, మీ దేశంలో సముద్రం చూడాలంటే ఎవరి పర్మిషన్ తీసుకోవాలని అడిగింది. ఎవరిదీ అక్కర్లేదన్నాను. పక్కనే ఉన్న ఏబాల్ కొండెక్కితే, తేటగా ఉన్న రోజు మధ్యధరా తీరం కనిపిస్తుంది. పర్మిట్ లేకుండా ఆ తీరానికి వెళ్లడం ఆ పిల్లకు కుదరదు. ఆ తర్వాత ఏం మాట్లాడాలో తోచక ఆమెనే ఇంకేమైనా అడగమన్నాను, షారుఖ్ ఖాన్ గురించి అడిగింది.

ఊరి అంచున బలాటా శరణార్థి శిబిరం ఉంది. 1950లో చదరపు కిలోమీటరులో పావు వంతు స్థలంలో పెట్టింది, జనం వేలల్లో పెరిగినా స్థలం అంతే. చూడ్డానికి వెళ్తే అక్కడివాళ్లు తోడుంటేనే వెళ్లండి, గుమ్మాల్లోకి కెమెరా పెట్టకండి, సందులు ఎంత ఇరుకంటే మీరు తీసే ప్రతి ఫొటోలో ఎవరో ఒకరి వంటిల్లు పడుతుంది.

డబ్బు సంగతి కచ్చితంగా మాట్లాడుకోండి. నన్ను పంపిన సంస్థ బసకని తీసుకున్న ఫీజులో ఇంటివాళ్లకు చేరింది చాలా తక్కువని తర్వాత తెలిసి ఒళ్లు మండింది. ఎంత ఇస్తారో ముందే రాతపూర్వకంగా అడగండి, చెప్పకపోతే వేరే సంస్థను చూసుకోండి.

నేను చెప్పిందంతా 2019 నాటి మాట. 2021 చివరి నుంచే ప్రభుత్వ టీచర్లకు జీతం పూర్తిగా రావడం లేదు, గాజా యుద్ధం మొదలైన 2023 అక్టోబర్ తర్వాత ఇజ్రాయెల్‌లో పనికి పోయే పర్మిట్లు రద్దయి ఎన్నో ఇళ్ల సంపాదన ఆగిపోయింది, ఊళ్ల మధ్య గేట్లు పెరిగాయి. ఇప్పుడు వెళ్లమని ఎవరికీ చెప్పను. కానీ ఆ టీచరమ్మ ఇప్పటికీ తన బడి పిల్లలతో వీడియో కాల్‌లో ఇంగ్లీషులో మాట్లాడే మనుషుల్ని వెతుకుతూనే ఉన్నారు, వారానికి అరగంట ఇవ్వగలిగితే చాలు, కాకపోతే ఒకసారి ఒప్పుకుంటే మానకూడదు.