పరుగు చాలా, మెట్లు ఎక్కాలా? ట్రెక్‌కి వెళ్లే రన్నర్‌కి ఏది మేలు

ట్రెక్‌కి పేరిచ్చిన రన్నర్లు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే ఉంటుంది. "వారానికి నాలుగు రోజులు పరుగెడతాను, పది కిలోమీటర్లు ఆగకుండా లాగేస్తాను, ఇది చాలదా? చాలకపోతే ఏం చేయమంటారు, ట్రెడ్‌మిల్‌కి వాలు పెట్టి నడవాలా, మెట్లెక్కాలా, జిమ్‌లో కాళ్లకి బరువులు ఎత్తాలా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఒకేసారి రాసేస్తే నయమనిపించింది. తాళ్లు కట్టుకుని ఎక్కే పర్వతారోహణ గురించి కాదు ఇది. దారి ఉన్న కొండ, వీపున బ్యాగు, రోజుకి ఐదారు గంటల నడక, ఒక రోజో నాలుగైదు రోజులో, అంతవరకే.

ముందు పరుగు సంగతి. మీ దగ్గరున్న ఆస్తి చిన్నదేం కాదు. నెలల తరబడి పరుగెత్తినవాళ్లకి ఏటవాలు ఎక్కుతున్నా ఆయాసం అదుపులో ఉంటుంది, ఒక్క నిమిషం ఆగితే ఊపిరి మళ్లీ మామూలైపోతుంది. వ్యాయామం అలవాటు లేనివాళ్లు రెండు మూడు నెలలు కష్టపడి తెచ్చుకునేది మీకు ముందే ఉంది. అందుకే ట్రెక్ కోసమని చాలామంది రన్నర్లు మొదట చేసే పని నాకు నచ్చదు. పది కిలోమీటర్లు పరుగెత్తేవాళ్లు పదిహేను చేస్తారు, పదిహేను వాళ్లు హాఫ్ మారథాన్‌కి పోతారు. ఉన్నదే ఇంకాస్త పెరుగుతుంది, లేనిది లేనట్టే ఉండిపోతుంది.

లేనిది దిగే బలం. ఎక్కడం గురించి అందరూ భయపడతారు, దిగడం గురించి ఎవరూ అడగరు. మంచి రన్నర్లని కొండ దెబ్బతీసేది మాత్రం ఎక్కువగా దిగుడులోనే.

ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఏది మేలో తేల్చేది నా లెక్కలో ఈ ఒక్క విషయమే. ఎక్కేటప్పుడు తొడ ముందు కండరాలు కుదించుకుంటూ శరీరాన్ని పైకి తోస్తాయి. దిగేటప్పుడు అవే కండరాలు సాగుతూ, సాగుతూనే బరువుని పట్టి ఉంచాలి. నిండు బకెట్‌ని చప్పుడు కాకుండా నెమ్మదిగా నేల మీద పెట్టేటప్పుడు చేతులు చేసే పనే ఇక్కడ తొడలు చేస్తాయి, అదీ వేల అడుగుల పాటు. ఇలా సాగుతూ బరువు మోసే పనికి ఆక్సిజన్ తక్కువ పడుతుంది. పది శాతం వాలులో, అంటే వంద మీటర్లకి పది మీటర్లు కిందికి పోయే దారిలో, దిగుతూ నడవడానికి చదును నేల మీద నడిచే దానికంటే తక్కువ శక్తి ఖర్చవుతుంది కూడా. అందుకని గుండె వేగం పెరగదు, ఆయాసం రాదు, వాచీ చూసుకుంటే అంతా హాయిగా కనిపిస్తుంది. కానీ కండరం లోపలి పోగులు దెబ్బతినేది సరిగ్గా ఈ పనిలోనే. నొప్పి అప్పుడు తెలియదు, మర్నాటి నుంచి మొదలై 24 నుంచి 72 గంటల మధ్య బాగా ముదురుతుంది. ఒక్కరోజు ట్రెక్ అయితే ఇంటికొచ్చి కుంటుకుంటూ తిరుగుతారు, సరే. నాలుగు రోజుల ట్రెక్‌లో మొదటి రోజే పెద్ద దిగుడు ఉంటే రెండో రోజు పొద్దున గుడారంలోంచి లేచి నిలబడటమే ఒక పని. అలసిన తొడలు అడుగుని ఆపలేకపోతే మోకాలి మీద భారం పెరుగుతుంది, కాళ్లు వణుకుతాయి, జారిపడేదీ ఎక్కువగా అప్పుడే.

పరుగులో కూడా పాదం ఆనిన ప్రతిసారీ తొడ కొంత ఇలాంటి పని చేస్తుంది, కాదనను. అందుకే రన్నర్ పరిస్థితి అసలేమీ చేయనివాళ్ల కంటే మెరుగు. కానీ చదును రోడ్డు మీద మోకాలు కొంచెమే వంగుతుంది. ఎత్తు బండ మీంచి, వీపున ఏడెనిమిది కిలోలతో, ఒంటికాలి మీద కిందికి దిగడం వేరే సంగతి.

మంచి వార్త ఏంటంటే ఈ రకం పనికి కండరం చాలా త్వరగా అలవాటు పడుతుంది. ఒకసారి గట్టిగా దిగుడు చేసి నొప్పులు పడితే, మళ్లీ అదే పని చేసినప్పుడు నొప్పి బాగా తగ్గుతుంది, ఆ రక్షణ కొన్ని వారాలు నిలుస్తుంది. అంటే ట్రెక్‌లో పడాల్సిన నొప్పిని ముందే, ఇంటి దగ్గర, కొంచెం కొంచెంగా పడేయొచ్చు. ఏ పద్ధతి మేలు అనేదాన్ని నేను కొలిచేది దీనితోనే: అందులో దిగడం ఉందా, లేదా?

ట్రెడ్‌మిల్ సంగతి చూద్దాం. చాలా మెషీన్లలో 15 శాతం దాకా వాలు పెట్టుకోవచ్చు. గంటకి 5 కి.మీ. వేగంతో ఆ వాలులో గంటసేపు నడిస్తే సుమారు 740 మీటర్ల ఎత్తు ఎక్కినట్టు. ఇది తక్కువేం కాదు, చాలా ట్రెక్కుల్లో ఒక రోజు ఎక్కేది ఇంతే ఉంటుంది. పిక్కలకి, పిరుదులకి మంచి పని, ఎండా వానా గొడవ లేదు, ఎంత ఎక్కారో అంకె కళ్లముందు కనిపిస్తుంది. ముందున్న కడ్డీ పట్టుకోకపోతేనే లెండి. పట్టుకుని వెనక్కి వాలి నడిస్తే సగం కష్టం చేతుల మీదకి పోయి, 740 అనేది తెర మీద అంకెగా మిగిలిపోతుంది. అన్నీ బాగానే ఉన్నాయి కానీ దిగుడు లేదు. కిందికి వంగే మెషీన్లు కొన్ని ఉన్నా వాటి వాలు చాలా కొంచెం. తిరుగుతూ ఉండే మెట్ల మెషీన్ కథా ఇంతే, ఎప్పటికీ ఎక్కడమే. అసలే ఊపిరి బాగున్న రన్నర్‌కి ఇవి రెండూ ఉన్న బలానికే మెరుగు పెడతాయి.

ఇక నా ఓటు ఎవరికో ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. మెట్లు. మామూలు అపార్ట్‌మెంట్ మెట్లు, స్టేడియం మెట్లు, ఏవైనా సరే. ఒక అంతస్తు సుమారు మూడు మీటర్లు అనుకుంటే పది అంతస్తులు ఒకసారి ఎక్కి దిగితే 30 మీటర్లు, అలా పది సార్లు చేస్తే 300 మీటర్లు పైకి, 300 మీటర్లు కిందికి. ఐదంతస్తులే ఉంటే సార్లు పెంచుకోండి. ఇందులో కీలకమైన ముక్క ఆ "కిందికి" అన్నదే. చాలామంది మెట్లెక్కేసి, మోకాళ్లు కాపాడుకుంటున్నామని లిఫ్ట్‌లో దిగుతారు. ఇంతసేపూ చెప్పింది మీరు నమ్మితే అది తిరగేసిన పని. ఆయాసం తీర్చుకోవడానికైతే ఎక్కేటప్పుడే లిఫ్ట్ వాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు, దిగడం మాత్రం నడిచే.

దిగే తీరు కూడా ముఖ్యం. పాదం దబ్బున పడుతుంటే కండరం పని చేయట్లేదు, కీలు దెబ్బ తింటోంది అని అర్థం. చప్పుడు రాకుండా దిగండి. చప్పుడు మొదలైందంటే అలసిపోయారన్నమాట, ఆ రోజుకి ఆపేయొచ్చు. మొదటి రెండు వారాలు బ్యాగు లేకుండా, తర్వాత రెండు మూడు కిలోలతో మొదలుపెట్టి మెల్లగా ట్రెక్‌లో మోయబోయే బరువు దాకా. బరువు కోసం నీళ్ల సీసాలు పెట్టుకోవడం తేలిక, లీటరు అంటే కిలో. మోకాళ్లు కొంచెం సున్నితంగా ఉన్నవాళ్లు నీళ్లు మోసుకుని పైకెళ్లి, అక్కడ మొక్కలకో బకెట్‌లోకో పోసేసి ఖాళీగా దిగొచ్చు, కొన్నాళ్ల తర్వాత సగం పోసి సగంతో దిగొచ్చు. ముందే మోకాలి గాయం ఉన్నవాళ్లు మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి ఫిజియోకి చూపించుకున్నాకే మొదలుపెట్టాలి.

మెట్ల లోపాలూ చెప్పాలి కదా. విసుగు, మామూలు విసుగు కాదు. అదీకాక మెట్లన్నీ ఒకే ఎత్తులో, చదునుగా ఉంటాయి. కొండమీద రాయి కదులుతుంది, పాదం పక్కకి ఒరుగుతుంది, చీలమండకి పని పడుతుంది. ఆ లోటు పూడ్చడానికి వారాంతంలో మట్టి దారిలోనో గులకరాళ్ల మీదో ట్రెక్ బూట్లతో, బ్యాగుతో మూడు నాలుగు గంటలు నడవడం తప్పనిసరి. రన్నర్లకి ఈ నడక చాలా కష్టం, కాళ్లకి కాదు, మనసుకి. గంటలో అయిపోయే పనికి అలవాటు పడినవాళ్లు కదా. కానీ కొండమీద రోజంటే గంటలే. కొండ నడకకి ఎంత సమయం పడుతుందో అంచనా వేయడానికి స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నెయిస్మిత్ 1892లో ఇచ్చిన లెక్క ఇప్పటికీ వాడతారు. మెట్రిక్‌లో చెప్పాలంటే ప్రతి 5 కి.మీ.కి ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. 12 కి.మీ. దూరం, 900 మీటర్ల ఎత్తు అయితే దాదాపు నాలుగు గంటలు, అదీ ఆగకుండా. తమాషా ఏంటంటే ఆ లెక్కలో దిగుడుకి విడిగా సమయమే లేదు, తర్వాత వచ్చినవాళ్లు సవరణలు చేర్చుకోవాల్సి వచ్చింది.

జిమ్‌ది నా దగ్గర రెండో స్థానం, మెట్లు అందుబాటులో లేనివాళ్లకి మొదటిదే. కానీ చేసేది ఎంచుకుని చేయాలి. చిన్న స్టూల్ లాంటి ఎత్తు మీద ఒంటికాలితో నిలబడి రెండో కాలి మడమని నేలకి తాకించి మళ్లీ పైకి లేచే స్టెప్‌డౌన్, వెనక కాలు బెంచీ మీద పెట్టి ముందు మోకాలు వంచి కిందికి దిగి లేచే స్ప్లిట్ స్క్వాట్, పిక్కల కోసం మడమలు ఎత్తి దించడం, ఇవి చాలు. అన్నిటిలోనూ దిగే భాగాన్ని మూడు నాలుగు సెకన్లు లాగాలి. వారానికి రెండుసార్లు అరగంట. దీని గొప్పతనం ఏంటంటే బరువు మీ చేతిలో ఉంటుంది, ఏ కాలు బలహీనమో అద్దంలో కనిపిస్తుంది, మోకాలు లోపలికి వాలిపోతుంటే అక్కడే సరిచేసుకోవచ్చు. దీనికి లేనిది ఓర్పు. పదేసి చొప్పున మూడు సెట్లు చేసిన తొడకి, రెండు గంటలు ఆగకుండా దిగడం కొత్తగానే ఉంటుంది.

పరుగు మానలేను అనేవాళ్లకి ఒక దారుంది, వాలులో కిందికి పరుగెత్తడం. తక్కువ సమయంలో తొడలకి కావలసినంత దెబ్బ పడుతుంది, కావలసినదానికంటే ఎక్కువే అనుకోండి. తేలికైన వాలు చూసుకుని, చిన్న అడుగులతో, పది రోజులకోసారి మించకుండా చేస్తే మంచిదే. వేగం మీద ఆశ ఉన్నవాళ్లు చేయకపోవడం మంచిది, ఆశ లేని రన్నర్ ఎక్కడున్నాడో నాకు తెలియదు కానీ.

దగ్గర్లో నిజమైన కొండ ఉంటే ఈ చర్చే అక్కర్లేదు, వారం వారం దాన్నే ఎక్కి దిగండి. సైకిల్, ఈత గుండెకి మంచివి, దిగుడుకి వాటితో ఒరిగేదేం లేదు, పరుగు దెబ్బల నుంచి కాళ్లకి విశ్రాంతి కావాలంటే చేసుకోండి. ఎత్తుకి అలవాటు చేస్తుందని ముఖానికి తగిలించుకునే మాస్కు కొనకండి. అది గాలి పీల్చడాన్ని కష్టం చేస్తుంది, గాలి ఒత్తిడిని తగ్గించదు.

ఎత్తు మాట వచ్చింది కాబట్టి ఇదొక్కటి. 2,500 మీటర్లు దాటాక వచ్చే తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం లాంటివి ఫిట్‌నెస్ చూసి వదిలేయవు. గాలిలో ఆక్సిజన్ శాతం అంతే ఉంటుంది, ఒత్తిడి తగ్గి ఊపిరికి అందేది తగ్గుతుంది. మారథాన్ పరుగెత్తేవాళ్లకీ వస్తుంది, పైగా బలం ఉంది కదా అని త్వరగా ఎక్కేస్తారు కాబట్టి రన్నర్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. 3,000 మీటర్ల పైన నిద్రపోయే చోటు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకుండా, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఆగేలా ఉన్న ట్రెక్ ఎంచుకోండి. దీనికి మెట్లూ పనిచేయవు, పరుగూ పనిచేయదు.

ఆచరణలోకి వస్తే, రెండు నెలలు చేతిలో ఉన్నాయనుకుందాం. మెట్లని పరుగు మీద అదనంగా వేయకండి, పరుగు తగ్గించి ఆ చోట్లో పెట్టండి. నాలుగు రోజులు పరుగెత్తేవాళ్లు రెండు రోజులు తేలిక పరుగు, రెండు రోజులు మెట్లు, వారాంతంలో బ్యాగుతో పొడవు నడక. గుండె త్వరగా సర్దుకుంటుంది, కండరాన్ని ఎముకకి కలిపే స్నాయువులు చాలా నెమ్మదిగా సర్దుకుంటాయి, కాబట్టి ఊపిరి అందుతోంది కదా అని మెట్ల సంఖ్య ఒక్కసారిగా రెట్టింపు చేస్తే పిక్కకో మడమకో చెల్లించాల్సి వస్తుంది. చాలా రోజుల ట్రెక్ అయితే చివరి వారాల్లో శని, ఆదివారాలు వరసగా నడవండి, నొప్పి ఉన్న కాళ్లతో నడవడం ఎలా ఉంటుందో అక్కడే తెలియాలి. మెట్ల మీద వాచీలో పేస్ చూడటం మానేయండి, పక్కవాళ్లతో మాట్లాడగలిగే వేగం చాలు.

నెల రోజులే ఉంటే నేనైతే జిమ్ వదిలేసి మెట్లు, పొడవు నడక ఉంచుతాను. రెండు వారాలే ఉంటే మెట్లు మూడు నాలుగు సార్లు, తక్కువ బరువుతో, ఆపైన చేతికర్రలు. దిగేటప్పుడు మోకాళ్ల మీద భారాన్ని అవి నిజంగానే తగ్గిస్తాయి, వాటిని వాడటం చిన్నతనం అనుకునే రన్నర్లు ఉన్నారు కానీ రెండో రోజుకి అడిగి తీసుకుంటారు. మీ దగ్గర ఎంత సమయం ఉన్నా, చివరి గట్టి దిగుడుకీ ట్రెక్ మొదటి రోజుకీ మధ్య కనీసం వారం ఖాళీ ఉంచండి, ఆ వారంలో తేలిక పరుగు చాలు. బయల్దేరే ముందు కాలిగోళ్లు కత్తిరించుకోండి, దిగుడులో బూటు ముందుభాగానికి తగిలి నల్లబడేవి అవే.