బయో-రాడ్ పీగ్లో కిట్: డిగ్రీ ప్రయోగశాలకు ఎంతవరకు పనికొస్తుంది?

డిగ్రీలో బయోటెక్నాలజీ చదివే విద్యార్థులు రీకాంబినెంట్ డీఎన్‌ఏ యూనిట్‌ను సాధారణంగా మూడు నాలుగు బొమ్మలతో దాటేస్తారు. ప్లాస్మిడ్ అనే గుండ్రటి చిన్న డీఎన్‌ఏ వలయం, దాన్ని కత్తిరించే ఎంజైమ్, చివర్లో ఒక బ్యాక్టీరియా కణం గీసి, పక్కన బాణం గుర్తులు పెడితే పరీక్షలో మార్కులు వచ్చేస్తాయి. బయటి డీఎన్‌ఏ నిజంగా కణంలోకి వెళ్లిందని ఎలా తెలుస్తుంది, వెళ్లిన జన్యువు ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు ఊరుకుంటుంది అన్న ప్రశ్నలకు మాత్రం ఆ బొమ్మల్లో జవాబు దొరకదు. బయో-రాడ్ అనే అమెరికా సంస్థ తరగతి గదుల కోసం తయారుచేసే పీగ్లో బ్యాక్టీరియల్ ట్రాన్స్‌ఫర్మేషన్ కిట్ ఈ ప్రశ్నల చుట్టూ అల్లిన ప్రయోగం; ట్రాన్స్‌ఫర్మేషన్ అంటే బయటి డీఎన్‌ఏను బ్యాక్టీరియా కణంలోకి పంపడం. మా డిగ్రీ కాలేజీ ప్రయోగశాలలో విద్యార్థుల చేత దీన్ని చేయించాక ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జన్యు నియంత్రణను కళ్లకు కట్టే తరగతి ప్రయోగాల్లో ఇంతకన్నా మంచిదాన్ని నేను చూడలేదు. జన్యువును కత్తిరించి అతికించే విద్య నేర్పుతుందనుకుని కొనేవారికి మాత్రం నిరాశ తప్పదు.

పెట్టెలో ఎనిమిది జట్లకు సరిపడా సామగ్రి ఉంటుంది. జట్టుకు నలుగురు చొప్పున వేసుకుంటే ముప్పై ఇద్దరు విద్యార్థులు ఒకేసారి చేయవచ్చు. పొడిరూపంలో ఈ.కోలై బ్యాక్టీరియా, ప్లాస్మిడ్ డీఎన్‌ఏ, యాంపిసిలిన్ అనే యాంటీబయాటిక్ మందు, అరాబినోస్ అనే చక్కెర, బ్యాక్టీరియాను పెంచే అగార్ పొడి, కాల్షియం క్లోరైడ్ ద్రావణం, చిన్న ప్లేట్లు, పిపెట్లు, చివర చిన్న వలయమున్న లూపులు అన్నీ విడివిడిగా గుర్తులు పెట్టి ఇస్తారు. బ్యాక్టీరియా, ప్లాస్మిడ్ రెండూ ఎండబెట్టిన రూపంలో రావడం మన వేడి ప్రాంతాలకు పెద్ద సౌకర్యం. దారిలో ఐసు కరిగిపోతుందన్న భయం ఉండదు. ఆవిరి ఒత్తిడితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్ లేని కాలేజీలో కూడా అగార్‌ను మైక్రోవేవ్‌లో కరిగించి ప్లేట్లు పోసుకునే వీలుంది. వాటర్ బాత్, ఇంక్యుబేటర్, ఐసు మాత్రం మనమే సమకూర్చుకోవాలి. మాకు ఐసు చేపల మార్కెట్ నుంచి వచ్చింది. ఆ గడ్డల్ని గోనెసంచిలో వేసి సుత్తితో పొడి చేయడంతోనే ఆ పూట ప్రయోగం మొదలైంది.

ఈ ప్లాస్మిడ్ తయారీలో ఉన్న తెలివిని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కిట్ విలువంతా అక్కడే ఉంది. ఇందులో మూడు జన్యువుల్ని గమనించాలి. మొదటిది బీటా-లాక్టమేజ్ అనే ఎంజైమును తయారుచేసి యాంపిసిలిన్‌ను నిర్వీర్యం చేస్తుంది. ప్లాస్మిడ్ పుచ్చుకున్న కణం మాత్రమే ఆ మందు కలిపిన ప్లేటు మీద బతుకుతుంది. రెండోది ఈక్వోరియా విక్టోరియా అనే జెల్లీఫిష్ నుంచి వచ్చిన ఆకుపచ్చ ఫ్లోరసెంట్ ప్రోటీన్ జన్యువు, అంటే అందరూ జీఎఫ్‌పీ అని పిలిచేది. ఒసాము షిమొమురా ఈ ప్రోటీన్‌ను 1962లో వేరుచేశారు. దాని జన్యువును ఇతర జీవుల్లో వెలిగించవచ్చని మార్టిన్ చాల్ఫీ 1994లో చూపారు. వీరిద్దరితో పాటు రోజర్ చెన్‌కు 2008లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. మూడోది అరాసీ అనే నియంత్రణ జన్యువు. మామూలు ఈ.కోలైలో అరాబినోస్‌ను జీర్ణించుకునే మూడు జన్యువులు ఒకే ప్రమోటరు కింద, అంటే జన్యువు పనిని మొదలుపెట్టించే ఒకే డీఎన్‌ఏ భాగం కింద, వరుసగా ఉంటాయి. ఆ చక్కెర లేనప్పుడు అరాసీ ప్రోటీన్ డీఎన్‌ఏను ఉచ్చులా వంచి పట్టుకుని, జన్యువును చదివే ఎంజైమైన ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌ను దగ్గరికి రానివ్వదు. చక్కెర వచ్చి అంటుకోగానే ఆ ప్రోటీన్ ఆకారం మారి, అడ్డుపడ్డదే పాలిమరేజ్‌కు తోడ్పడుతుంది. పీగ్లోను రూపొందించినవారు ఆ మూడు జన్యువుల్ని తీసేసి, అదే ప్రమోటరు కింద జీఎఫ్‌పీని పెట్టారు. కిట్‌లో ఇచ్చే హెచ్‌బీ101 అనే ఈ.కోలై రకానికి అరాబినోస్‌ను తినే శక్తి ఉత్పరివర్తనం వల్ల పోయింది కాబట్టి, మనం వేసిన చక్కెరను అది కరగదీయకుండా స్విచ్చుగానే మిగులుస్తుంది. ఈ చిన్న సంగతి తెలిసిన విద్యార్థికి ప్రయోగం ఇంకో మెట్టు పైన అర్థమవుతుంది.

చేసే విధానం సులువే అయినా, శ్రద్ధ తప్పితే ఫలితం రాదు. కాల్షియం క్లోరైడ్ ఉన్న రెండు గొట్టాల్లో బ్యాక్టీరియా కాలనీని కలిపి, ఒక గొట్టంలో మాత్రమే ప్లాస్మిడ్‌ను లూపుతో వేస్తారు. లూపు వలయంలో సబ్బునీటి పొరలా సన్నటి పొర నిలిచిందో లేదో చూసుకోవాలి. చాలామంది పిల్లలు ఖాళీ లూపునే ముంచి తీసేస్తారు. రెండు గొట్టాలనూ పది నిమిషాలు ఐసులో ఉంచి, 42 డిగ్రీల నీటిలో 50 సెకన్లు ముంచి, వెంటనే మళ్లీ రెండు నిమిషాలు ఐసులో పెడతారు. ఆ వేడి మే నెలలో రెంటచింతల గాలిలోనే దొరుకుతుంది గానీ, ఇక్కడ నీరే కావాలి, ఎందుకంటే గాలి గొట్టానికి వేడిని అంత తొందరగా అందించలేదు. ఐసు నుంచి వేడికీ, వేడి నుంచి ఐసుకూ ఉన్నట్టుండి మారడమే డీఎన్‌ఏ లోపలికి వెళ్లడానికి దారి చేస్తుంది. మా ప్రయోగశాలలో ఐసు పెట్టెకూ వాటర్ బాత్‌కూ మధ్య నడక ఎక్కువైన జట్లకు కాలనీలు తక్కువ వచ్చాయి. రెండింటినీ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టించడం మంచిది.

చివరకు ప్రతి జట్టుకూ నాలుగు ప్లేట్లు మిగులుతాయి. డీఎన్‌ఏ వేయని బ్యాక్టీరియా మామూలు అగార్ మీద చాపలా పరుచుకుంటుంది. యాంపిసిలిన్ ఉన్న అగార్ మీద అసలు పెరగదు. డీఎన్‌ఏ వేసినది యాంపిసిలిన్ ఉన్న ప్లేటు మీద విడివిడి కాలనీలుగా పెరుగుతుంది; యాంపిసిలిన్‌తో పాటు అరాబినోస్ కూడా ఉన్న ప్లేటు మీద అదే విధంగా పెరిగి, యూవీ దీపం కింద ఆకుపచ్చగా వెలుగుతుంది. వెలిగే ప్లేటు చూసినప్పుడు తరగతిలో వచ్చే కేకల్ని ఏ అధ్యాపకుడూ వద్దనుకోడు. నా దృష్టిలో మాత్రం అసలు పాఠం వెలగని మూడో ప్లేటులో ఉంది.

మరునాడు పొద్దున దీపాలు ఆర్పి చూస్తున్నప్పుడు ఒక జట్టు అమ్మాయి మూడో ప్లేటును దీపం కింద అటూ ఇటూ తిప్పి, “సార్, మాది ఫెయిలైంది, డీఎన్‌ఏ పోలేదు” అంది. పక్కనున్న కుర్రాడు, “పోకపోతే యాంపిసిలిన్ మీద ఎలా బతికింది?” అని అడిగాడు. ఆ ప్రశ్నతో బల్ల చుట్టూ చర్చ మొదలైంది. జన్యువు ఉండడం వేరు, జన్యువు పనిచేయడం వేరు అన్న సంగతిని నేను బోర్డు మీద ఎన్ని విధాలుగా చెప్పినా తలకెక్కనివారికి ఆ పూట తలకెక్కింది. మూడో ప్లేటు మీది తెల్ల కాలనీ ఒకదాన్ని తీసి, అరాబినోస్ ఉన్న కొత్త ప్లేటు మీద గీయించాను. మర్నాటికి ఆ గీత వెంట ఆకుపచ్చ వెలుగు వచ్చింది. మన చర్మ కణంలోనూ కాలేయ కణంలోనూ ఒకే డీఎన్‌ఏ ఉండి కూడా అవి వేర్వేరు పనులు ఎందుకు చేస్తాయి అని ఆ తర్వాత అడిగితే, జవాబు చెప్పడానికి లేచినవాళ్లు చాలామంది. ఈ తిరిగి గీసే పని కోసం ముందుగానే కొన్ని అరాబినోస్ ప్లేట్లు ఎక్కువ పోసి పెట్టుకోవాలి, ఎందుకంటే కిట్‌లోని నలభై ప్లేట్లు మొదటి ప్రయోగానికే ఖర్చవుతాయి.

లెక్క కట్టే భాగం కూడా బాగుంది. గొట్టంలోని మొత్తం 510 మైక్రోలీటర్లలో ప్లేటు మీద పరిచేది 100 మైక్రోలీటర్లే కాబట్టి, వేసిన డీఎన్‌ఏలో దాదాపు ఐదో వంతే లెక్కకు వస్తుంది. దానితో కాలనీల సంఖ్యను భాగిస్తే ట్రాన్స్‌ఫర్మేషన్ సామర్థ్యం తేలుతుంది. మైక్రోగ్రాము డీఎన్‌ఏకు 800 నుంచి 7,000 కాలనీలు వస్తే ప్రయోగం సరిగ్గా జరిగినట్టు. గొట్టంలో కోట్ల కణాలుండగా డీఎన్‌ఏ పుచ్చుకున్నవి ఇంత తక్కువా అని విద్యార్థులు విస్తుపోతారు, డీఎన్‌ఏ పుచ్చుకున్న కణాల్ని ఏరి చూపే యాంటీబయాటిక్ మార్కరు అవసరం ఎందుకొచ్చిందో అప్పుడే వాళ్లకు అర్థమవుతుంది.

ఇక లోపం దగ్గరికి వద్దాం. ఈ కిట్‌లో ప్లాస్మిడ్ సిద్ధంగా వస్తుంది. జన్యు ఇంజనీరింగ్ అని మనం పిలిచే పనిలో ముఖ్య భాగమంతా, అంటే రెస్ట్రిక్షన్ ఎంజైముతో కోయడం, లైగేజ్‌తో అతకడం, కార్ఖానాలోనే అయిపోయింది. జన్యు ఇంజనీరింగ్‌కు నాంది పలికిన స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ 1973లో చేసిన పనిలోని రెండు భాగాల్లో మొదటిది లేకుండా రెండోది మాత్రమే విద్యార్థి చేతికి వస్తుంది. ప్రయోగం పూర్తయ్యాక ఒక విద్యార్థి రికార్డులో “మేము జెల్లీఫిష్ జన్యువును ప్లాస్మిడ్‌లో చేర్చాం” అని రాశాడు. కిట్‌ను ఒంటరిగా వాడితే ఇలాంటి అపోహలు పుట్టడం సహజం. దీనికి నేను చేసే పని చాలా చవకైనది. కాగితపు పట్టీల మీద రెండు వరుసల్లో డీఎన్‌ఏ అక్షరాలు అచ్చువేయించి, ఈకో ఆర్‌1 ఎంజైము గుర్తించే జీఏఏటీటీసీ వరుసను వెతికించి, జీ తర్వాత రెండు వరుసల్లోనూ కత్తిరించమంటాను. బయటికి పొడుచుకు వచ్చే ఏఏటీటీ కొసలు ఒకదానికొకటి ఎలా జతకూడతాయో విద్యార్థులు జిగురు పెట్టి అతికించి చూస్తారు. ఈ కాగితపు పని ముందురోజు జరిగితేనే మరునాటి ట్రాన్స్‌ఫర్మేషన్ తన స్థానంలో కూర్చుంటుంది. నిజమైన ఎంజైములతో చేయించగల స్థోమత ఉన్న కాలేజీలు విడిగా రెస్ట్రిక్షన్ ప్రయోగాన్ని, డీఎన్‌ఏ ముక్కల్ని పొడవును బట్టి వేరుచేసే జెల్ ఎలక్ట్రోఫోరెసిస్‌తో కలిపి పెట్టుకోవాలి.

మా విద్యార్థుల్లో పత్తి రైతుల పిల్లలు ఎక్కువ. బీటీ పత్తి గురించి వాళ్లు అడిగే ప్రశ్నలకు ఈ ప్రయోగం మంచి పునాది వేస్తుంది. మన దేశంలో 2002లో అనుమతి పొందిన తొలి బీటీ పత్తిలో పురుగును చంపే ప్రోటీన్‌ను తయారుచేసే క్రై1ఏసీ జన్యువు కాలీఫ్లవర్ మొజాయిక్ వైరస్ నుంచి తీసుకున్న ప్రమోటరు కింద ఉంటుంది. దానికి అరాబినోస్ లాంటి స్విచ్చు ఏదీ అక్కరలేదు, అది మొక్క భాగాలన్నిటిలో పనిచేస్తూనే ఉంటుంది. అందులోనూ యాంటీబయాటిక్ నిరోధక జన్యువు మార్కరుగా ఉంది. అటు స్విచ్చున్న ప్లాస్మిడ్, ఇటు స్విచ్చు లేని పత్తి, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి మాట్లాడితే ప్రమోటరు అనే మాటకు ప్రాణం వస్తుంది. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేసిన హెపటైటిస్-బి టీకా కూడా ఇదే విద్య ఫలం, అది పిచియా అనే జాతి ఈస్టులో తయారైంది. ఆ జాతి ఈస్టుతో పనిచేసే పరిశ్రమలు చాలాచోట్ల మిథనాల్‌ను స్విచ్చుగా వాడతాయి.

కొనేవారు గమనించాల్సిన ఆచరణ విషయాలు కొన్ని ఉన్నాయి. ఇది దిగుమతి సరుకు కాబట్టి చిన్న కాలేజీ ప్రయోగశాల నిధికి భారమే. ఇద్దరు ముగ్గురు డీలర్ల దగ్గర కొటేషన్ తెప్పించుకున్నాకే ఆర్డరు పెట్టాలి. మాకు సరఫరా చేసిన డీలరు చెప్పిన గడువు దాటి, ప్రాక్టికల్ పరీక్షలు దగ్గరపడ్డాక పెట్టె చేర్చాడు; ఆర్డరు కాగితంలో తేదీ రాయించుకోకపోతే మీకూ అదే జరగవచ్చు. అగార్‌ను కరిగించాక చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకే యాంపిసిలిన్ కలపాలి. సలసలా కాగుతుండగా కలిపితే మందు చెడిపోయి, డీఎన్‌ఏ వేయని బ్యాక్టీరియా కూడా ఆ ప్లేటు మీద పెరిగి, ఫలితాలన్నీ అర్థం లేనివైపోతాయి. ప్లేట్లను ఒక రాత్రికి మించి ఇంక్యుబేటర్‌లో ఉంచితే అసలు కాలనీల చుట్టూ చిన్నచిన్న చుక్కల్లాంటి కాలనీలు వస్తాయి. అవి ప్లాస్మిడ్ లేనివి. పెద్ద కాలనీ విడుదల చేసిన బీటా-లాక్టమేజ్ చుట్టుపక్కల యాంపిసిలిన్‌ను తినేయడం వల్ల బతికినవి. వాటిని లెక్కలో కలిపితే సామర్థ్యం తప్పుగా తేలుతుంది. యూవీ పెన్‌లైటు చాలకపోతే దుకాణాల్లో దొంగనోట్లు పట్టుకోవడానికి వాడే దీర్ఘ తరంగ దీపం చక్కగా పనిచేస్తుంది, కంటికి నేరుగా తగలకుండా చూసుకుంటే చాలు. సూచనల పుస్తకం ఇంగ్లిషులో ఉన్నా బొమ్మలతో స్పష్టంగా ఉంది; తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థుల కోసం అందులోని ఒక్కో అంచెకు ఒక్కో వాక్యం చొప్పున తెలుగులో రాసి గోడకు అంటించాను, దాంతో గొట్టాలు తారుమారు కావడం బాగా తగ్గింది.

ఇంటర్ స్థాయిలో మాత్రం ఈ కిట్ మీద డబ్బు పెట్టమని నేను చెప్పను. అరటిపండు గుజ్జును ఉప్పు, డిష్‌వాష్ ద్రవంతో కలిపి వడకట్టి, చల్లటి ఆల్కహాల్ పోస్తే తేలే తెల్లటి పోగులు ఆ వయసుకు సరిపోతాయి, అవి జన్యువు గురించి ఏమీ చెప్పకపోయినా. డిగ్రీలో బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ విభాగాలు మాత్రం కొనాలి. వీలైతే పీజీ విద్యార్థులతో అదే ప్రోటీన్‌ను క్రొమటోగ్రఫీ ద్వారా వేరుచేయించే దాని తోడు కిట్‌నూ తీసుకుంటే వెలిగే ప్లేట్లు వృథా పోవు. అలా వాడని ప్లేట్లు, గొట్టాలు, లూపులు అన్నిటినీ బ్లీచింగ్ ద్రావణంలో ముంచి కనీసం ఇరవై నిమిషాలు ఉంచాకే చెత్తలో వేయాలి. ఇది హాని చేయని రకం ఈ.కోలై అయినా, యాంటీబయాటిక్ నిరోధక జన్యువును మోస్తున్న బ్యాక్టీరియాను కాలేజీ వెనుక కాలువలో కలపకూడదన్న నియమాన్ని మొదటి రోజే, దస్తానాలు తొడిగించేటప్పుడే విద్యార్థులకు చెప్పాలి.